అక్క వినే వేగం

నా గొంతు నాకు ఇష్టం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. క్లాసులో హాజరు పలికితే పక్క బెంచీకి వినపడని పిల్లను. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రాని పిల్లను. అలాంటిదానికి తన గొంతంటే ఇష్టమని ఎవరైనా వింటే నవ్వుతారు. పుట్టినప్పటి నుంచి ఉన్న ఇష్టమేమీ కాదు. ఒక బరువైన ఇనప పెట్టె మా మేడ మీది గదిలోకి వచ్చాక మొదలైంది. ఆ పెట్టె మా ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు.

మా ఇల్లు చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డు హారన్లు గోడలు దాటి వినిపించేంత దగ్గరలో. మేడ మీద ఒక చిన్న గది ఉండేది. దాన్ని మా అన్న స్టూడియో చేసుకున్నాడు. పనిచేసేది ప్రైవేటు ఆఫీసులోనే కానీ మనసంతా పాటలు కట్టడం మీదే. ఒక కీబోర్డు, సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్, ఒక మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న డబ్బా, అదీ స్టూడియో. బయటి రొద రాకుండా గోడలకు మేకులు కొట్టి పాత బొంతలు వేలాడదీశాడు. ఎండాకాలంలో ఆ గదిలోకి పోతే ఊపిరాడేది కాదు.

"మనకు కప్పుకోనీకి బొంతల్లేవు, గోడలకు చలిపెడుతుందని కప్పిండు," అనేది అమ్మ, ఇంటికి ఎవరొచ్చినా.

నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజులవి. ఖాళీ అంటే రోజూ లైబ్రరీకి పోయి కథల పుస్తకాలు చదవడం. ఇంట్లో మాత్రం పరీక్షలకు చదువుతున్నానని అనుకునేవారు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. లైబ్రరీ నిండా నిజంగా పరీక్షలకు చదివేవాళ్లే. అశోక్ నగర్ హాస్టళ్ల నుంచి పొద్దున్నే నడుచుకుంటూ వచ్చేవారు. లోపల కుర్చీ దొరకనివాళ్లు చెట్ల కింద, మెట్ల మీద, సైకిల్ స్టాండ్ పక్కన అట్టముక్క వేసుకుని కూర్చునేవారు. అందరి పెదవులూ కదులుతుండేవి.

అక్కడే ఒకరోజు మెట్ల మీద కూర్చున్న ఒక ఆమె గాల్లోకి అడిగింది. "ఎవరున్నరు ఇక్కడ? జర ఈ పేజీ చదివి పెడ్తరా?"

దగ్గరలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆమెకు చూపు లేదు. ఒళ్లో భూగోళశాస్త్రం పుస్తకం, పక్కన మడిచిన తెల్లకర్ర. నేను కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కాసేపు విని ఆమె అంది:

"గొంతు కిరాయికి తెచ్చుకున్నవా చెల్లె? గింత పొదుపుగ వాడుతున్నవ్."

నవ్వొచ్చింది. ఎవరైనా నన్ను గట్టిగా మాట్లాడమంటే నాకు మాట పూర్తిగా పడిపోయేది. ఆ రోజు పడిపోలేదు. నన్ను చూడని మనిషి ముందు ముఖం ఎక్కడ పెట్టుకోవాలనే బాధ లేదు. మధ్యాహ్నం దాకా నదులన్నీ చదివాను.

అప్పటి నుంచి ఆమె నాకు అక్క. నల్గొండ దిక్కు పల్లె. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. అయినా డిగ్రీ చదివింది, అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్ టూకు తయారవుతోంది. ఈ ఒక్క పరీక్ష దాకానే పట్నంలో ఉంచుతామని ఇంట్లో చెప్పేశారట. ఉద్యోగం రాకపోతే ఊరికి పోవాలి. "పోతే ఏముంటది అక్కడ? మా తమ్ముని ఇంట్ల ఒక మూల ఉంటది," అంది ఒకసారి, ఎవరో కుర్చీ ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

చదివి వినిపించేవాళ్లు రోజూ దొరకరు. దొరికినా వాళ్లకూ పరీక్షలే. అందుకని పుస్తకాలన్నీ రికార్డు చేసి ఇస్తానని నేనే అన్నాను. ఎవరికైనా ఏదైనా చేస్తానని నోరు తెరిచి అనడం నాకు అదే మొదటిసారి.

అక్క దగ్గర అరచేతిలో పట్టే ప్లేయరు ఒకటి ఉండేది. అందులో వేగం పెంచే బటన్ ఉంది. ఆమె అన్నీ రెట్టింపు వేగంతో వినేది. పక్కన కూర్చుంటే ఆమె ఇయర్‌ఫోన్లలోంచి పిచ్చుకలు కొట్లాడుకుంటున్నట్టు వినపడేది. అర్థమవుతుందా అని అడిగితే, "చూపున్నోళ్లు పేజీ మీద కండ్లు ఉరికిస్తరు. మేం చెవులు ఉరికియ్యాలె. లేకపోతే సిలబస్ ఎప్పటికి అయితది?" అంది. ఎట్లా చదవాలో కూడా నేర్పింది. కొత్త పాఠం మొదలైతే స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ. పాఠంలో కొత్త భాగం వస్తే రెండు దెబ్బలు. పట్టిక వస్తే అడ్డంగా కాదు, నిలువుగా చదవాలి. ఆవేశం, దీర్ఘాలు తీయడం ఉండొద్దు.

అన్న ఒప్పుకున్నాడు. అతను ఆఫీసుకు పోయాక గది నాదే. కానీ మొదటి రోజే చిక్కొచ్చి పడింది. మైకు నుంచి వచ్చే సంకేతం చాలా సన్నగా ఉంటుంది. దాన్ని కంప్యూటర్ అందుకునేంత పెద్దది చేసేదే ప్రీఆంప్. అన్న దగ్గరున్న డబ్బాలోనే చిన్న ప్రీఆంప్ ఉంది. పాడేవాళ్ల గొంతుకు అది సరిపోయేది. నా గొంతుకు మాత్రం దాన్ని చివరిదాకా తిప్పాల్సి వచ్చింది. అంత తిప్పితే మాటతో పాటు రొద కూడా లేచేది, రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు.

"మైకు ముందర కూడ సిగ్గేనా? అది నిన్నేం పెండ్లిచూపులకు రాలే," అన్నాడు అన్న. గట్టిగా చదవడానికి ప్రయత్నించాను. పేజీ తిరగకముందే గొంతు జీరపోయింది. ఇంకా సున్నితమైన మైకు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. అందులో పక్కింటి కుక్కర్ విజిల్ నా కంటే బాగా పడింది.

అక్క ఆ రికార్డింగ్ విని ఒక్కటే చెప్పింది. "స్పీడ్ పెడితే ఆ వాన చెవుల పురుగు లెక్క తిరుగుతుంది చెల్లె. కొంచెం సేపు వింటే తల నొస్తది."

దాంతో మంచి ప్రీఆంప్ కొనడం ఖాయమైంది. అన్నకూ ఎప్పటి నుంచో ఆశ ఉంది, నా పని అతనికి ఒక సాకు. నారాయణగూడలో మైకులు, స్పీకర్లు అమ్మే దుకాణం ఒకటి ఉండేది. అన్న తరచూ పోయేవాడు కాబట్టి దుకాణం ఆయన రెండు పెట్టెలు ముందు పెట్టి, "రెండూ తీస్కపోండ్రి. నచ్చింది ఉంచుకోండ్రి, నచ్చంది తెచ్చియ్యుండ్రి," అన్నాడు. నేను దుకాణం బయటే నిలబడ్డాను. నా గొంతు సన్నమని అన్న లోపల ఆయనకు చెబుతుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఒకటి బూడిదరంగు పెట్టె. ఒక గుండ్రటి మీట, ఒక చిన్న దీపం. చూస్తే కరెంటు మీటరులా ఉంది. రెండోది ట్యూబ్ పెట్టె, బరువు. లోపల గాజు గొట్టం ఉంటుంది, వేడెక్కితే ముందున్న జాలీలోంచి నారింజ రంగు వెలుతురు కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున అన్న నాతో ఒకే పేరా రెండింటిలో చదివించాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ నా తలకు పెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. మొదట బూడిదరంగు పెట్టె. రొద లేదు. నా గొంతు రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పే గొంతులా ఉంది. పొడిగా, పలచగా, ఎవరిదో అన్నట్టు. నేను ఎప్పుడూ అనుకునేదే అది, నా గొంతు ఇంతేనని.

తర్వాత ట్యూబ్ పెట్టె.

ఎవరో దగ్గరగా కూర్చుని మాట్లాడుతున్నారు. గొంతుకు అడుగున ఒక మందం, ఒక వెచ్చదనం. మాట చివర కొంచెం ఆగి, ఆవిరిలా పోతోంది. నేను చాలా పుస్తకాలు నాలో నేను చదువుకున్నాను. అప్పుడు లోపల వినిపించే గొంతు ఒకటి ఉంటుంది, దానికి నోటితో సంబంధం ఉండదు. ఆ గొంతు ఇన్నేళ్లకు బయటికి వచ్చినట్టయింది. కళ్లు తెరవబుద్ధి కాలేదు.

"ఇది నువ్వేనానే?" అన్నాడు అన్న. హెడ్‌ఫోన్స్ ఒక పక్క తన చెవికి ఆనించుకుని వింటున్నాడు. "మన ఇంట్ల గిసువంటి గొంతుందని నాకు తెల్వనే తెల్వదు."

ఏది ఉంచుకుందామని అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాడు బూడిదరంగు పెట్టె నారాయణగూడకు తిరిగి పోయింది. మేమిద్దరం తెలివిగలవాళ్లమనే అనుకున్నాం. ఒకే పేరా, ఒకే మైకు, కళ్లు మూసుకుని వినడం, అన్నీ పద్ధతిగానే చేశాం. వినే మనిషి ఎట్లా వింటుందో అలా విని చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

నెలల తరబడి చదివాను. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం. ఉద్యమం నడుస్తున్న కాలం అది. బంద్ పిలుపు వచ్చిన రోజు మా గదికి పండగ. బస్సులు తిరగవు, హారన్లు ఉండవు, దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ నిశ్శబ్దంలో గొంతు ఎంత బాగా పడేదో. పొద్దున్నే వీధి మూగబోయి ఉంటే నాకు సంతోషంగా ఉండేది. సాయంత్రం వార్తల్లో పరీక్ష వాయిదా అనే మాట వినేదాకా. రాష్ట్రం తేలనిదే పరీక్షలేంటని అశోక్ నగర్‌లో అందరూ అనేవారు. అక్క కూడా అనేది. అందరితో పాటు ధర్నాకు పోయి వచ్చి, అదే నోటితో, "తేలేదాకా మా ఇంటోళ్లు ఆగుతరా?" అని అడిగేది. నాకు రికార్డింగ్ ఇచ్చిన బందే ఆమెకు పరీక్షను ఇంకొంచెం దూరం జరిపేది.

రికార్డింగులు మెమరీ కార్డులో వేసి హాస్టల్‌కు తీసుకుపోయేదాన్ని. "ఎట్లుంది అక్కా?" అని అడిగితే, "మస్తుంది. పక్క మంచం పిల్ల కూడ వింటనంటుంది," అనేది. నేను లోపల పొంగిపోయేదాన్ని. ఇంటికి వచ్చి అవే పాఠాలు మళ్లీ పెట్టుకుని వినేదాన్ని. పంచాయతీరాజ్ చట్టం కూడా ఆ గొంతులో కథలా ఉండేది.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా పోయాను. కరెంటు లేదు. మెట్లు ఎక్కుతుంటేనే నా గొంతు వినపడింది. అక్క గదిలో ఎవరూ లేరని ఇయర్‌ఫోన్లు తీసేసి, ప్లేయరు దిండు పక్కన పెట్టుకుని పడుకుని వింటోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పిచ్చుకల గొడవ లేదు. నేను చదివినట్టే, నేను చదివిన వేగంతోనే వినపడుతోంది. ఒక వాక్యం అయ్యాక అక్క బటన్ నొక్కి వెనక్కి తిప్పింది. మళ్లీ అదే వాక్యం.

"అక్కా, స్పీడ్ పెట్టలేదేంది?"

ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "నువ్వా? ఏం లేదు చెల్లె, అలసిపోయినా, అందుకని."

నాకు నమ్మకం కలగలేదు. ప్లేయరు తీసుకుని వేగం పెంచాను. నా గొంతు నాకే అర్థం కాలేదు. ఏ వెచ్చదనం చూసి మురిసిపోయానో అది మాటకూ మాటకూ మధ్య గమ్‌లా పాకింది. చెంచా దెబ్బ కూడా దాంట్లో మునిగిపోయింది.

అక్క చెయ్యి చాపి ప్లేయరు తీసుకుని, "బువ్వ ముద్దయినట్టయితుంది," అంది. "మెల్లగ తింటే మంచిగనే ఉంటది. గబగబ తినేటోళ్లకు మెతుకు మెతుకు విడిగుండాలె."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి."

"మరి చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? గంత మంచిగ చదువుతున్నవ్. ఇన్నేండ్లల్ల నాకు ఎవరు చదివినా జల్ది జల్ది చదివి, ఇగ పోతానని లేసిపోయేటోళ్లే. నువ్వు కూసొని చెప్తున్నట్టు చదివినవ్. వేగం తగ్గిస్తే ఏమైతది, కొంచెం తక్కువ అయితది అనుకున్న." నవ్వడానికి ప్రయత్నించింది. "తక్కువే అయింది. సగం కూడ కాలే."

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు దారి పొడవునా టీ కొట్ల దగ్గర పిల్లలు ప్రశ్నలూ జవాబులూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. అందరూ వేగంగా. వాళ్లెవరికీ ఎవరి గొంతూ అక్కర్లేదు.

ఆ సాయంత్రం అన్నతో చెప్పాను. ఆ బూడిదరంగు పెట్టె కావాలని. అతను చాలాసేపు కీబోర్డు మీద గుడ్డ సర్దుతూ ఉండిపోయాడు. అప్పటికి ఆ ట్యూబ్ పెట్టెలో ఇద్దరు ముగ్గురితో పాటలు పాడించి ఉన్నాడు. పెట్టె పేరు చెప్పే పాడేవాళ్లను పిలుస్తున్నాడు.

"స్టూడియో నాది, గొంతు నీది, చెవులేమో ఆమెవి. నేనెవరి మాట వినాలె?" అన్నాడు.

నేను ట్యూబ్ పెట్టె తీగ ఊడదీసి చుట్టసాగాను.

"రెండు పెట్టెలు పెట్టుకునే స్తోమత ఉందా మనకు? లేదు గద. ఆమె పరీక్ష అయిపోనీ, మళ్ల మార్చుకుందాం," అని తనే అన్నాడు చివరికి. నారాయణగూడ ఆయన వాపసు తీసుకోనన్నాడు కానీ, వాడిన సరుకు లెక్కన తీసుకుని బూడిదరంగు పెట్టె ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. అన్న పెట్టెను తుడిచి తువ్వాలులో చుట్టి తీసుకుపోయాడు. పోయేముందు ఒకసారి ప్లగ్గు పెట్టి, నారింజ వెలుతురు వచ్చేదాకా ఆగి, తీసేశాడు.

మళ్లీ మొదటి నుంచి చదివాను. బూడిదరంగు పెట్టెలో ప్రతి అక్షరం ఎముకలా బయటికి కనిపించేది. ఏ మాటా ఇంకో మాటను ఆనుకునేది కాదు. విని చూసుకునేదాన్ని కాదు, అవసరమైనంతే తనిఖీ చేసి కార్డులో వేసేదాన్ని. అక్క ప్లేయరులోంచి మళ్లీ పిచ్చుకలు మొదలయ్యాయి. "ఇప్పుడు మంచిగ ఉరుకుతుంది," అనేది, సైకిలుకు గాలి కొట్టించుకున్నట్టు. పాఠాలు ఒకటొకటిగా ముగించింది. చరిత్రలో నేను అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పేది. ఆమె తయారైపోయింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

పరీక్షే రాలేదు. ఇదిగో అన్నారు, అదిగో అన్నారు. పక్క మంచం పిల్ల ఊరికి పోయింది. హాస్టల్లో గదులు ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక బంద్ రోజున, రికార్డు చేయడానికి ఏ పుస్తకమూ మిగలక నేను ఊరికే గదిలో కూర్చుని ఉన్నాను. మర్నాడు అక్క తమ్ముడు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ట్రంకు పెట్టె ఆటోలో పెడుతుంటే ఆమె ప్లేయరు జాకెట్లో దోపుకుని, "నోటిఫికేషన్ పడంగనే వస్త. గొంతు ఖర్చు పెట్టకు, దాచిపెట్టు," అంది.

అన్న ట్యూబ్ పెట్టె మళ్లీ తెచ్చుకోలేదు. దుకాణంలో అది ఎప్పుడో ఎవరికో అమ్ముడుపోయింది. కొన్నాళ్లకు పెండ్లయి బర్కత్‌పురలో కిరాయి ఇంటికి మారాడు. కీబోర్డు ఇక్కడే ఉంది. చలికాలం రాగానే అమ్మ గోడల మీది బొంతలు ఒక్కొక్కటి దించి ఉతికింది. మేకులు మాత్రం ఉన్నాయి.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో అశోక్ నగర్ మళ్లీ నిండింది. కొత్త నోటిఫికేషన్లు పడతాయని, సిలబస్ మొత్తం మారుతుందని లైబ్రరీలో ఒకటే మాట. నేను ధైర్యం చేసి అక్క తమ్ముడి నంబర్‌కు ఫోన్ చేశాను. ఫోన్ అక్కకే ఇచ్చారు. వెనక పిల్లల ఏడుపు, గేదె అరుపు. కొత్త పుస్తకాలు వచ్చాయక్కా, అన్నీ చదివి పంపిస్తాను, బూడిదరంగు పెట్టె అలాగే ఉంది, అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. జీవితంలో ఫోన్లో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అక్క అంతా విన్నది. ఊళ్లో చీకటి పడ్డదని, పిల్లలకు అన్నం పెట్టాలని అంది. తర్వాత ఒకటి అడిగింది. దానికి కావాల్సిన ట్యూబ్ పెట్టె ఇప్పుడు మా దగ్గర లేదని నేను చెప్పలేకపోయాను, సరేనన్నాను. ఒక కథల పుస్తకం బూడిదరంగు పెట్టెలోనే నెమ్మదిగా చదివి కార్డు పోస్టులో పంపాను. అందిందో లేదో తెలియదు. తర్వాత ఎప్పుడు చేసినా ఆ నంబర్ వాడుకలో లేదనే వచ్చింది. ట్యూబ్ పెట్టెలో చదివిన పాత పాఠాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుని వింటాను. అవి వింటుంటే నా గొంతు కన్నా ముందు అక్క ఆ రోజు ఫోన్లో అడిగింది వినపడుతుంది.

"పరీక్షకు ఇగ నేను వినను చెల్లె. మొదలు ఒక గొంతు పంపినవ్ గద, ముద్ద ముద్దగ, మంచిగుండె. దాంతోని ఏదన్న కథల పుస్తకం చదివి పంపు. మెల్లగనే చదువు. ఇప్పుడు నాకు తొందరేం లేదు."